చివరి పేజీలో క్లారినెట్

మా మేనకోడలు పత్రిక పెడుతోంది!

"కుర్రకారు కోసం, అచ్చంగా సంగీతం మీద, తెలుగులో" అంటూ ఒక ఆదివారం పొద్దున్నే మా ఇంట్లో ఊడిపడింది. చేతిలో ఇరవై నాలుగు పేజీల డమ్మీ. డమ్మీ అంటే తెలుసుగా? అచ్చుకి వెళ్లే ముందు పత్రిక ఎలా వుండబోతోందో చూపించే నమూనా. ఈ రోజుల్లో అంతా కంప్యూటర్లోనే కానిచ్చేస్తారు గాని, కాగితం చేత్తో పట్టుకుంటే గాని నాకు తృప్తి వుండదని దానికి తెలుసు. అందుకే ప్రింటు తీయించి, మధ్యలో పిన్నులు కొట్టించి మరీ తెచ్చింది.

"మామయ్యా, నువ్వు ముప్ఫై ఏళ్లు పత్రికల్లో పేజీలు కట్టావుగా. మొహమాటం లేకుండా చెప్పు. ఎలా వుంది?"

కాఫీ గ్లాసు పక్కన పెట్టి, కళ్లజోడు తుడుచుకుని, ఒక్కో పేజీ తిప్పాను. పిల్ల గట్టిదే. రంగులు కళ్లు చెదరకుండా వున్నాయి. బొమ్మలు ఊపిరాడేలా వున్నాయి. అంతా తిప్పాక ఒకే ఒక్క ప్రశ్న అడిగాను. దానికది చెప్పిన జవాబు రెండు ముక్కలు. ఆ రెండు ముక్కలూ విని నా గుండె గతుక్కుమంది.

ఎందుకంటే సరిగ్గా ఆ రెండు ముక్కలే 1981లో నేను ఇంకొకరికి చెప్పాను.

ఆ ప్రశ్నేమిటో, ఆ జవాబేమిటో కాసేపాగి చెబుతాను. ముందు మనం పత్రికల కొట్టు దగ్గరికి వెళ్దాం, రండి.

కొట్టు ముందు నిలబడితే...

బస్టాండులో పత్రికల కొట్టు ఎలా వుండేదో గుర్తు తెచ్చుకోండి. అడ్డంగా దారాలు కట్టి, వాటికి క్లిప్పులు పెట్టి పత్రికలు వేలాడదీసేవాళ్లు. చోటు చాలక ఒకదాని మీద ఒకటి. వెనక వున్న పత్రికకి పైన నాలుగు వేళ్ల వెడల్పే కనబడేది. అందుకే పత్రిక పేరు ఎప్పుడూ నెత్తి మీదే వుంటుంది. ఇందులో శాస్త్రం ఏమీ లేదు, దారమూ క్లిప్పూ నేర్పిన పాఠం! విదేశాల్లో అరల్లో పక్కపక్కన ఒరిగేలా పేరుస్తారు గనక అక్కడ అట్టకి ఎడమ అంచు ముఖ్యం. ఆకర్షించే మాటలన్నీ ఆ అంచునే పేరుస్తారు.

రెండోది, కళ్లు. ముఖచిత్రం మీది మనిషి సూటిగా మీ కళ్లలోకి చూస్తాడు. పక్కకు చూసే బొమ్మ ఎంత అందంగా వున్నా లోపలి పేజీకే పోతుంది. మనం కొట్టు దాటిపోతుంటే ఎవరో పిలిచినట్టు ఆగుతాం చూడండి, ఆ పిలిచేది ఆ కళ్లే.

మూడోది, పేరు రాసే తీరు. ఇది సంగీత పత్రికలకి ప్రాణం. 1981లో లండన్‌లో 'కెరాంగ్' అని ఒక పత్రిక వచ్చింది. రాక్ సంగీతం పిచ్చి వున్న కుర్రాళ్ల కోసం. అసలు ఆ మాటకి అర్థమే లేదు! ఎలక్ట్రిక్ గిటార్ తీగల్ని బలంగా ఒక్క దెబ్బ కొడితే వచ్చే శబ్దం అది. ఆ అక్షరాల్ని కూడా పగిలిన అద్దంలా బీటలు వారినట్టు రాశారు. చదవక్కర్లేదు, చూస్తేనే చెవులు గింగురుమంటాయి. పేరులోనే పత్రిక ఏ సంగీతం వినిపిస్తుందో తెలిసిపోవాలన్నది అక్కడి సూత్రం.

అమెరికాలో 'రోలింగ్ స్టోన్' మొదటి సంచిక 1967 నవంబరు 9 తేదీతో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి వచ్చింది. దాని పేరు గీసినవాడు రిక్ గ్రిఫిన్. సంగీత కచేరీల పోస్టర్లు వేసే చిత్రకారుడు. మెలికలు తిరిగిన ఆ అక్షరాలు చూడగానే ఆ కాలపు కుర్రాళ్లకి 'ఇది మనది' అనిపించేది. ఇంకో తమాషా చెప్పనా? ఆ మొదటి సంచిక అట్ట మీద వున్నది బీటిల్స్ బృందంలోని జాన్ లెనన్. అయితే గిటార్ పట్టుకుని కాదు, సిపాయి టోపీ పెట్టుకుని! 'హౌ ఐ వన్ ద వార్' అనే సినిమాలో అతను వేసిన వేషం అది. అంటే ప్రపంచానికంతా తెలిసిన సంగీత పత్రిక ఒక సినిమా స్టిల్లుతో మొదలైందన్నమాట. మన సినిమా వాళ్లు కాలరెగరేసుకోవచ్చు.

నాలుగోది కొంచెం గడుసుది. కొన్ని పత్రికల్లో హీరో తల, పేరులోని రెండక్షరాల్ని కప్పేస్తుంది. గమనించారా? 'మా పేరు సగం కనబడినా మీరు గుర్తుపడతార్లే' అనే ధీమా అది. పాత పత్రికకి ఆ ధీమా చెల్లుతుంది. కొత్తగా పెట్టినవాడు అదే పని చేస్తే, పెళ్లికొడుకు ముఖం నిండా సెహ్రా వేలాడదీసి 'వరుణ్ణి చూడండి' అన్నట్టు వుంటుంది! మా మేనకోడలు ఆ పొరపాటు చేయలేదు. అందుకు నేను లోలోపల మురిసిపోయాను.

తెలుగు అక్షరం మాట వినదు

ఇంగ్లీషు పత్రికల సూత్రాలన్నీ తెచ్చి మన పేజీ మీద పెడితే సరిపోతుందా అంటే, అక్కడే వుంది తిరకాసు.

ఇంగ్లీషు వాడికి పెద్దబడి అక్షరాలు, చిన్నబడి అక్షరాలు అని రెండు జట్లున్నాయి. గట్టిగా అరవాలంటే అన్నీ పెద్దబడిలో వేస్తే చాలు. మనకి ఆ వీలు లేదు. తెలుగులో అరవాలంటే లావు పెంచాలి, సైజు పెంచాలి, లేదా రంగు మార్చాలి. మూడూ ఒకేసారి చేస్తే పేజీ సంతలా తయారవుతుంది. అందుకే నేను కుర్రాళ్లకి ఎప్పుడూ చెప్పేవాణ్ణి, మూడింట్లో ఒకటే పట్టుకోండిరా అని.

ఇంకో సంగతి. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు. 'స్త్రీ' అని రాసి చూడండి. పైకెంత, కిందికెంత! అంచేత వరసకీ వరసకీ మధ్య ఖాళీ ఇంగ్లీషు కంటే ఎక్కువ వదలాలి. లేకపోతే పై వరస వత్తు కింది వరస గుడి మీద కాలు పెడుతుంది. మన మాటలు పొడుగు కూడాను. 'పాడుతున్నప్పుడు' అనే ఒక్క మాట ఇరుకు కాలమ్‌లో సగం వరస తినేస్తుంది. రెండు అంచులూ సమంగా వుండాలని పట్టుబడితే మాటల మధ్య ఎలకలు దూరేంత సందులు పడతాయి. ఇంగ్లీషు పత్రికలో నాలుగు కాలమ్‌లు పట్టే పేజీలో మనకి మూడైతే నిండుగా వుంటుంది, రెండైతే ఇంకా హాయి.

ఇక నల్లటి నేల మీద తెల్లక్షరాలు! కుర్రకారు పత్రిక అనగానే అందరికీ మొదట తట్టేది అదే. రాత్రి కచేరీలా వుంటుందని. పెద్ద హెడ్డింగుకి బాగానే వుంటుంది. చిన్నక్షరాలకి మాత్రం అచ్చులో సిరా పక్కకి పాకి, సన్నటి గీతల్ని మింగేస్తుంది. తలకట్టు పోతుంది. వత్తు సున్నాలా కనబడుతుంది. చదివేవాడు ఒక పేరా చూసి పేజీ తిప్పేస్తాడు.

మన అక్షరానికి వున్న చిక్కులన్నీ చెప్పాను గాని, దానికున్న అందం చెప్పకపోతే తప్పు. బాపు గారు చేత్తో రాసిన హెడ్డింగులు చూడని తెలుగువాడు వున్నాడా? కథల పేర్ల దగ్గర్నుంచి సినిమా టైటిళ్ల దాకా, ఆ అక్షరాలు నడుం తిప్పుతూ నడిచొచ్చేవి. గుండ్రటి మన లిపికి లయ వుందని కళ్లకి కట్టి చూపించారాయన. అచ్చుల పెట్టెలో దొరకని సంగీతం అది. ఇవాళ ఆయన దస్తూరీని పోలిన ఫాంట్లు కూడా కంప్యూటర్లోకి వచ్చాయి. తెలుగు సంగీత పత్రిక పేరు రాయబోయే ఎవరైనా ముందు ఆ అక్షరాల దగ్గర కూర్చుని పాఠం చెప్పించుకోవాలని నా మనవి.

మిగతా వెండితెర మీద...

సంగీత పత్రికకి కుర్రకారు ఎగబడటానికి అసలు కారణం పాటల సాహిత్యం. 1978లో ఇంగ్లండులో నిక్ లోగన్ అనే ఆయన 'స్మాష్ హిట్స్' అని ఒకటి మొదలుపెట్టాడు. అంతకు ముందు ఆయన 'న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్' అనే వారపత్రికకి సంపాదకుడు. అక్కడ పెద్ద పెద్ద విమర్శలు, వాదాలు. 'స్మాష్ హిట్స్'లో అవి పక్కకు పెట్టి, అప్పుడు జనం నోళ్లలో నానుతున్న పాటల్ని మాట మాటా అచ్చు వేశాడు. నిగనిగలాడే కాగితం మీద రంగుల బొమ్మలు, గోడకి అంటించుకునే పోస్టర్లు. బడి పిల్లలు ఆ పేజీలు చించి పుస్తకాల్లో దాచుకునేవాళ్లు. 2006 దాకా నడిచింది.

అది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఈ కిటుకు మనకి కొత్తా? సినిమా హాలు బయట ఇంటర్వెల్లో "పాటల పుస్తకం, పాటల పుస్తకం" అని అరుస్తూ అమ్మేవాళ్లు కాదూ! పల్చటి కాగితం, ఒకే రంగు అట్ట, లోపల పాటలన్నీ. ముందు పేజీలో కథ. హీరోయిన్ని విలన్ ఎత్తుకుపోయే దాకా చెప్పి, సరిగ్గా అక్కడ ఆపి, 'మిగతా వెండితెర మీద చూడండి' అని ఒక చుక్కల గీత! పత్రికా రూపకల్పనలో ఇంతకు మించిన చమత్కారం నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ పుస్తకంలో ఇంకో మంచి ఆచారం వుండేది. ప్రతి పాట నెత్తి మీదా రాసినవారెవరు, పాడినవారెవరు అని చిన్నక్షరాల్లో వుండేది. రేడియో వాళ్లూ అంతే. వివిధభారతిలో జనరంజని విన్న తరం వాళ్లని అడగండి. పాటకి ముందు సినిమా పేరు, పాడినవారు, రాసినవారు, సంగీత దర్శకుడు, ఆ తర్వాత ఆ పాట కోరిన శ్రోతల పేర్లు! తన పేరు రేడియోలో వినబడిన రోజున వీధంతా చెప్పుకు తిరిగే వాళ్లం. ఎవరో పెద్ద గాయకుడి పేరు పక్కనే మన ఊరి పేరు, మన పేరు. ఒక్క అరనిమిషంలో పాటకి సంబంధించిన వాళ్లందర్నీ ఒక పంక్తిలో కూచోబెట్టేవాళ్లు.

ఈ పంక్తి సంగతి గుర్తుంచుకోండి. నా కథ దీని చుట్టూనే తిరుగుతుంది.

యాభై పైసల పత్రిక

1981. విజయవాడలో డిగ్రీ చదువు, హాస్టల్ గది, నలుగురం మిత్రులం. ముందు ఏడాది ఫిబ్రవరి 2న 'శంకరాభరణం' విడుదలైంది. ఆ వేడి ఇంకా చల్లారలేదు. జె.వి. సోమయాజులు గారి లాంటి నడివయసు నటుడు ముఖ్యపాత్ర వేసిన సినిమాకి జనం విరగబడటమేమిటి! కె.వి. మహదేవన్ గారు, వేటూరి గారు, బాలు గారు, జానకి గారు, వాణీజయరాం గారు... హాస్టల్లో ఏ గదిలో చూసినా వీళ్ల పేర్లే. సంగీతం మీద పత్రిక పెట్టాలన్న పురుగు అప్పుడే నా బుర్రలో దూరింది.

అచ్చు వేయించే తాహతు లేదు. సైక్లోస్టైల్ చేద్దామనుకున్నాం. ఇప్పటి వాళ్లకి తెలీకపోవచ్చు. మైనం పూసిన స్టెన్సిల్ కాగితం మీద స్టైలస్ అనే ఇనుప ములుకుతో రాయాలి. రాసిన చోట మైనం పోతుంది. యంత్రానికి చుట్టి తిప్పితే ఆ సందుల్లోంచి సిరా దిగుతుంది. తప్పు రాస్తే గోళ్ల రంగులాంటి ద్రవం పూసి, ఆరబెట్టి, మళ్లీ రాయాలి. నాలుగు పెద్ద కాగితాలు మధ్యకి మడిస్తే పదహారు పేజీలు. వంద కాపీలు. వెల యాభై పైసలు.

నా దస్తూరీ బాగుంటుందని రూపకల్పన నాకు అప్పగించారు. ఇంకేముంది, నేనే ఆర్ట్ డైరెక్టర్ని!

మా నలుగురిలో ఒకడు నా గదివాడు. వాళ్ల నాన్నగారు బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించేవారు. పెళ్లి ఊరేగింపుల్లో పెట్రోమాక్స్ దీపాల వెలుగులో, సిపాయి కోటు తొడుక్కుని, ముందు వరసలో నడుస్తూ సినిమా పాటలు పలికించేవారు. స్వరాలు రాసుకోవడం రాదు. కొత్త సినిమా వస్తే కాఫీ హోటల్ ముందు నిలబడి, రికార్డు పెట్టినప్పుడల్లా విని, పాట మొత్తం చెవితోనే పట్టేవారు. 'శంకరాభరణం' పాటలు పట్టడానికి ఆయన ఎన్ని రోజులు ఆ హోటల్ చుట్టూ తిరిగారో, శ్వాస ఎక్కడ తీసుకోవాలో తెలియక ఎంత అవస్థ పడ్డారో మావాడు రాశాడు. ఆరు పేజీలు. నాన్న గురించి కొడుకు రాసుకున్న ఆరు పేజీలు. మా పత్రికలో నిజంగా సంగీతం గురించి వున్నది అదొక్కటే.

మరి నేనేం చేశాను? అట్ట మీద అప్పట్లో జనం వెర్రెత్తిపోతున్న ఒక హీరో గారి బొమ్మ వేశాను. ఒక సినిమా పత్రికలోని బ్లో-అప్ కింద పెట్టి, స్టెన్సిల్ మీద రాత్రంతా కూచుని గీశాను. కళ్లు సూటిగా చూసేలా! పక్కన పెద్దక్షరాల్లో 'హీరో గారూ - హిట్ పాటలూ' అని రాశాను. లోపల ఆయన గురించి వున్నది ఎంత? పది వరసలు! అదీ ఎక్కడో చదివిన ముక్క.

నా గదివాడి ఆరు పేజీల్ని రెండు పేజీలకి కుదించాను. చివరి పేజీకి తోశాను. అక్కడ కూడా చోటు చాలలేదు. ఒక గజల్ గాయకుడి బొమ్మ గీసుకున్నాను, అది తీసేయడానికి మనసొప్పలేదు. దాంతో చివరి పేరా కోసేశాను. వాళ్ల నాన్నగారి పేరు, మేళం పేరు, వాళ్ల ఊరి పేరు వున్నది ఆ పేరాలోనే.

స్టెన్సిల్ చుట్టబోతుంటే మావాడు చూసి, "నాన్న పేరేదిరా?" అన్నాడు.

"చోటు లేదురా" అన్నాను.

అంతే. ఆ రెండు ముక్కలే. వాడు మారు మాటాడలేదు. యంత్రం పిడి పట్టుకుని వంద కాపీలూ వాడే తిప్పాడు.

మొదటి రోజు సాయంత్రానికి వంద కాపీలూ అయిపోయాయి. నేను ఆకాశంలో తేలాను. రెండో రోజునుంచి మొదలైంది. "హీరో గారి పాటలన్నావు, ఏవిరా?" "అట్టకే యాభై పైసలా?" మెస్సులో కూచోనివ్వలేదు. రెండో సంచికకి పేరున్న గాయని బొమ్మ గీశాను. అరవై కాపీలు మిగిలిపోయాయి. ఒకసారి మాట తప్పిన అట్టని ఎవడు నమ్ముతాడు? మూడో సంచిక రాలేదు.

అది నాకు తగిలిన చిన్న దెబ్బ. పెద్ద దెబ్బ సంక్రాంతి సెలవుల తర్వాత తగిలింది. మావాడు ఒక కాపీ ఇంటికి పట్టుకెళ్లాడట. వాళ్ల నాన్నగారు కూడబలుక్కుని చదువుతారు. దీపం దగ్గర కూచుని అట్ట దగ్గర్నుంచి మొదలుపెట్టి పదహారు పేజీలూ వేలు పెట్టి చదివారట. మావాడు పక్కనే వున్నాడు. చివరి పేజీ అయ్యాక ఆయన పుస్తకం మూసి, "బాగుందిరా. హీరో గారి ముక్కు బాగా కుదిరింది" అన్నారట.

ఈ మాట మావాడు నాకు కోపంగా చెప్పలేదు. బట్టలు మడతపెట్టుకుంటూ, మామూలుగా చెప్పాడు. ఆ నెలాఖరుకి గది మార్చుకున్నాడు.

కామిని ఎవరు?

తర్వాత ఎన్నో ఏళ్లు పత్రికల్లో పనిచేశాను. పేజీలు కట్టేటప్పుడు ఎంత మంది పేర్లు ఎంత సులువుగా రాలిపోతాయో కళ్లారా చూశాను.

1949లో 'మహల్' అనే హిందీ సినిమా వచ్చింది. ఖేమ్‌చంద్ ప్రకాశ్ సంగీతం. అందులో మధుబాల మీద ఒక పాట దేశాన్ని ఊపేసింది. గ్రామఫోన్ రికార్డు మీద గాయని పేరు వుండాల్సిన చోట 'కామిని' అని వుంది. ఎవరీ కామిని? సినిమాలో మధుబాల పాత్ర పేరు! పాడిన అమ్మాయికి అప్పటికి ఇరవై ఏళ్లు. పేరు లతా మంగేష్కర్. ఎవరు పాడారో చెప్పమని శ్రోతలు రేడియోకి ఉత్తరాలు రాస్తే గాని ఆమె పేరు బయటికి రాలేదు. అంతటి గొంతుకే రికార్డు మీద ఒక వరస చోటు దొరకలేదంటే, వెనక వయొలిన్ వాయించినవాడి గతేమిటి? తబలా వాయించినవాడి గతేమిటి?

మహదేవన్ గారి పక్కన ఏళ్ల తరబడి పుహళేంది గారు వుండేవారు. ఆయన సహాయకుడు. తెలుగు పాటల వెనక ఆయన శ్రమ ఎంతో. ఎంతమంది కుర్రాళ్లకి ఆ పేరు తెలుసు? తెలియకపోవడం వాళ్ల తప్పు కాదు. చూపించాల్సిన మేమే చూపించలేదు. వాళ్ల పేరు ఏ సైజులో, ఏ పేజీలో వేయాలో నిర్ణయించే కుర్చీలో నాలాంటి వాళ్లం కూచున్నాం.

డెబ్బై రెండు పాయింట్లు కలిస్తే ఒక అంగుళం. పది పాయింట్ల అక్షరాల్లో ఒక పేరు వేయడానికి ఎంత చోటు కావాలి? మీ చిటికెన వేలు గోరంత ఎత్తు కూడా అక్కర్లేదు.

అందుకే చెబుతున్నాను. అట్ట మీద కళ్లు సూటిగా చూడాలి, నిజమే. పేరు నెత్తి మీద వుండాలి, నిజమే. రంగులు మూడు మించకూడదు, నిజమే. కాని ఈ సూత్రాలన్నీ పాఠకుణ్ణి లోపలికి పిలవడానికి. పిలిచాక ఇంట్లో ఎవరున్నారో చూపించాలి కదా! వంట చేసినవాళ్లని దొడ్లో కూచోబెట్టి, గుమ్మంలో హీరో గారి ఫోటో తగిలిస్తే వచ్చిన చుట్టం రెండోసారి రాడు. మా పత్రికకి రాలేదు.

ఇంతకీ ఆ ప్రశ్న

ఇప్పుడు ఆదివారం పొద్దుటికి వద్దాం. మా మేనకోడలి డమ్మీలో ఎదురెదురు పేజీల్లో ఒక పాట పుట్టిన కథ వుంది. ఎడమ పేజీ నిండా గాయకుడి బొమ్మ. కుడి పేజీలో మాటలు. మధ్యలో అతని మాటల్లోంచి ఒక ముక్క తీసి పెద్దక్షరాల్లో వేసింది. ఖాళీ కూడా బాగా వదిలింది. చక్కటి పేజీ.

"ఇందులో ఫ్లూట్ ఎవరు వాయించారమ్మా? రిథమ్ ఎవరు? పాట రికార్డు చేసిన ఇంజనీరు ఎవరు?" ఇదీ నేనడిగిన ప్రశ్న.

అది తడుముకోకుండా చెప్పింది. "చోటు లేదు మామయ్యా."

నేను కాసేపు మాట్లాడలేకపోయాను. తర్వాత ఆ హాస్టల్ కథంతా చెప్పాను. అది వింటూ వింటూ పెన్సిలు తీసింది. పెద్దక్షరాల ముక్కని రెండు పాయింట్లు తగ్గించింది. కింద ఒక సన్నటి పట్టీ గీసింది. వాయించినవాళ్లు, రాసినవాళ్లు, రికార్డు చేసినవాళ్లు, అందరికీ అందులో చోటు దొరికింది! ఖాళీ ఇంకా మిగిలింది కూడా.

"ప్రతి సంచికలో ప్రతి పాట కిందా ఈ పట్టీ వుంటుంది. మా పత్రిక గుర్తు ఇదే" అంది.

ఆ రాత్రి నేను ఒక పని చేశాను. నలభై ఏళ్లుగా వాయిదా వేస్తున్న పని. వాళ్లనీ వీళ్లనీ అడిగి నంబరు సంపాదించి నా గదివాడికి ఫోన్ చేశాను. గొంతు గుర్తుపట్టాడు. వాళ్ల నాన్నగారు పోయి చాలా కాలమైందట. నేను తడబడుతూ ఆ పత్రిక మాట ఎత్తాను. క్షమించమని అడుగుదామనుకున్నాను. నోరు పెగల్లేదు.

వాడే అన్నాడు. "ఆ పుస్తకం ఇంకా మా ఇంట్లో వుందిరా. క్లారినెట్ పెట్టెలో. నాన్న పోయాక తీసి చూస్తే కనబడింది. చివరి పేజీ అడుగున నువ్వు కొంచెం ఖాళీ వదిలావు చూడు..."

"ఊఁ."

"అక్కడ తన పేరు తనే రాసుకున్నాడు. పెన్సిలుతో. ఎప్పుడు రాసుకున్నాడో మాకెవ్వరికీ తెలీదు."

చోటు లేదన్న పేజీలో ఆయనకి చోటు దొరికింది. నా కంటికే ఆనలేదు.

మావాడు ఆ ఆరు పేజీలూ మళ్లీ రాస్తానన్నాడు. మా మేనకోడలు మొదటి సంచికలో నాలుగు పేజీలు దానికి కేటాయించింది. అట్ట మీద హీరో ఎవరూ లేరు. సిపాయి కోటు, క్లారినెట్, సూటిగా మన వంకే చూస్తున్న రెండు కళ్లు. పాత పెళ్లి ఫోటోలో దొరికిన బొమ్మ. కింద ఆయన పేరు, లావుపాటి అక్షరాల్లో.

ఆ పేరేమిటో ఇక్కడ చెప్పేస్తే ఎలా? ఒకసారి నేను తీసేసిన పేరు అది. దాని అసలు చోట్లోనే మీరు చదవాలి.

మిగతా ఆ అట్ట మీద చూడండి!